డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

లోకమున కొందరి పేరు వారు గెలిచిన యుద్ధముల వలన నిలుచును. కొందరి పేరు వారు త్రవ్వించిన చెరువుల వలనను, కట్టించిన సత్రముల వలనను నిలుచును. ఇంకను కొందరు గలరు. వారి పేరు వినినవారికి సైతము వారు చేసిన పని యెంత గొప్పదో పూర్తిగా తెలియదు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అట్టివారు. వారు అనేకములైన మందులను లోకమునకిచ్చిన మహాశాస్త్రజ్ఞులని మన పిల్లలు వినియుందురు. అది నిజమే. అయితే వారు మందుల పరిశోధనకు పూనుకొనుటకు ముందు, తమ ముప్పదినాలుగవ యేట, ప్రాణులన్నింటి దేహములందును పనిచేయు నొక ద్రవ్యమును కనుగొనుటలో పాలు పంచుకొనిరి. ఈ వాక్యమును చదువు విద్యార్థి కన్ను అక్షరమును గుర్తించుటకును, మనస్సు దాని యర్థమును గ్రహించుటకును, ప్రొద్దు పోయిన పిదప అతనికి నిద్ర వచ్చుటకును ఆ ద్రవ్యముతో సంబంధము గలదు. ఆ మహనీయుని చరిత్రమును, ఆ ద్రవ్యముయొక్క చరిత్రమును కలిపి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఇంట సంతానము పెద్దది, సంపాదన చిన్నది. బాల్యమున వారికి చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లిగారు వెదకించి వెనుకకు రప్పించిరని చెప్పుదురు. రాజమహేంద్రవరమున చదువుచున్న కాలమున ఇంట మరణములు, వ్యాధులు సంభవించి చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పిపోయెను. మూడవమారు చెన్నపట్టణమందలి హిందూ హైస్కూలునుండి కూర్చుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన కుమారుని చూచి నిరాశ చెందు తలిదండ్రులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగించిరి. అప్పుడు వారి మనసు సన్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరవలెనని తలంపగా, రోగులకు సేవచేయుటకు ముందు వైద్యవిద్య నేర్చి రమ్మని అచ్చటి పెద్దలు హితము చెప్పిరందురు. అట్లు వారు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. ఆ చదువునకు స్నేహితులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ ధరించి పోయిరి. శస్త్రచికిత్సాచార్యుడైన దొరకు అది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దొరకలేదు; అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సర్కారు వైద్యోద్యోగమునకు యత్నించిరి గాని అదియు ఫలింపలేదు.

ఇంతకంటె ఘోరమైన దెబ్బ యింకొకటి. ఆ దినములలో స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి ప్రబలముగా నుండెను. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, రోగి ఎండిపోవును. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్దిదినముల యెడములో ఆ వ్యాధికి బలియైరి. వారికిని అదే వ్యాధి సోకి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికిరి. తరువాత లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. వ్యాధి ఎందువలన వచ్చును, మందు ఎందువలన పనిచేయును అను ప్రశ్నలు వారిని విడువలేదు. వానికి ప్రత్యుత్తరము పరిశోధనాలయమున వెదకవలసినదేయని వారు నిశ్చయించుకొనిరి.

అమెరికా మిషనరీలు 1840లో వచ్చి మన నెల్లూరున కాపురముండిరి. ఎనుబది రెండేండ్లకు పిమ్మట ఈ తెలుగు వైద్యుడు వారు వచ్చిన దారినే ఎదురు నడచి అమెరికా చేరెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారు కొంత ధనమిచ్చిరి. భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరమున దిగిరి. తాము కన్నులార చూడని కుమారుడు పసితనముననే మరణించెనను వార్తను ఆ దూరదేశముననే వినిరి. మరల స్వదేశమునకు వచ్చు భాగ్యము వారికి లేకపోయెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యమున డిప్లొమా పొంది, పొట్టకూటికై ఆసుపత్రిలో చిన్న పనులు చేయుచు, జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునియొద్ద చేరిరి. ఆయన వీరికి అప్పగించిన పని చూచుటకు మిక్కిలి స్వల్పము: రక్తమునందును, కండయందును భాస్వరము ఎంత యున్నదో సరిగా కొలుచు పద్ధతిని కనిపెట్టుట. 1925లో ఆ పద్ధతి సిద్ధమయ్యెను. పరీక్షింపవలసిన ద్రవమున ఆమ్లముతో కూడిన మాలిబ్డేటును, వేరొక ద్రవ్యమును కలిపినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము హెచ్చైన కొలది నీలము చిక్కనగును. ఆ నీలమును, భాస్వరము ఇంతయని ముందే తెలిసిన ద్రవపు నీలముతో పోల్చి చూచినచో లెక్క తేలును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేరుతో ఇది లోకమంతటను జీవరసాయన విద్యార్థులు నేర్చిన పాఠమయ్యెను.

ఈ పద్ధతిని కండనుండి తీసిన రసముపై ప్రయోగింపగా నొక వింత కనబడెను. తక్కిన ద్రవములలో నీలము తగిన కాలమునకు పూర్తిగా వచ్చుచుండెను. కండరసములో నన్ననో మొదట కొంచెము వచ్చి, నిమిషములు గడచిన కొలది మెల్లమెల్లగా హెచ్చుచుండెను. తొందరపడువాడు మందు చెడినదనియో, చేయి తప్పినదనియో తలచి ఆ ద్రవమును పారబోసియుండును. వీరట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుటకు కారణముండవలెననియు, కండలో భాస్వరము ఏదో వేరొక ద్రవ్యముతో వదులుగా బంధింపబడి, ఆ ఆమ్లములో మెల్లగా విడిపోవుచుండుననియు ఊహించి వెదకిరి. ఫలముగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను ద్రవ్యము బయలుపడెను. కండ ముడుచుకొనునప్పుడు అది తరుగును. విశ్రమించునప్పుడు మరల పెరుగును. కండశక్తికి లాక్టికామ్లమే మూలమని అంతవరకు పండితులు నమ్ముచుండిరి. ఆ మార్గమున పరిశోధించిన హిల్, మయ్యరుహాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము కూడ వచ్చియుండెను. ఆలస్యముగా వచ్చిన ఈ నీలిరంగుతో ఆ సిద్ధాంతము కదలనారంభించెను.

రెండేండ్లకు, 1929లో, ఫిస్కేయు సుబ్బారావుగారును కండనుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను ద్రవ్యమును వేరుచేసి ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. దీనినే క్లుప్తముగా ఏ.టి.పి. యందురు. అడినోసిన్ అను తలకు మూడు ఫాస్ఫేటు కణికలు గొలుసువలె తగిలించియుండును. కొసనున్న కణిక ఊడినప్పుడు శక్తి వెలువడును. మనము తిన్న అన్నము తుదకు ఈ నాణెముగా మారిన తరువాతనే దేహమందు చెల్లుబడియగును. ఏ క్షణమున చూచినను దేహమందు దీని నిలువ కొంచెమే. కాని విరిగినది విరిగినట్లే మరల కూర్పబడుచుండుటచే, ఒక దినమునందు మనుష్యుడు వ్యయపరచునది ఇంచుమించు అతని దేహభారమంత యగునని లెక్కవేసిరి.

1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టము లభించెను. అయినను హార్వర్డులో వారికి స్థిరోద్యోగము దొరకలేదు. ఫిస్కే యొద్దనే శిష్యుడుగా నుండి, 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్సు, సుబ్బారావుగారు కనుగొనిన కొన్ని ద్రవ్యములు ఫిస్కే కారణమున వెలుగునకు రాకపోయెననియు, తరువాతి కాలమున ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెననియు చెప్పియున్నారు. సుబ్బారావుగారు దీనికై కలహింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్లు రివరు పట్టణమున లెడర్లీ పరిశోధనాలయమున చేరి పనిలో మునిగిపోయిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము పరిశోధనాలయమున కూర్పబడెను. వారి సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే మందయ్యెను. రక్తపు పుట్టకురుపుతో బాధపడు బాలురకు డాక్టరు సిడ్నీ ఫార్బరు వాడిన అమినోప్టెరిన్ కూడ అచ్చటనుండి వచ్చినదే. మన కోస్తా జిల్లాలను చిరకాలము పీడించిన బోదకాలు వ్యాధికి నేటికిని ఇచ్చుచుండు డైఇథైల్‌కార్బమజీన్ అను మాత్ర 1947లో వారి బృందమునుండియే వెలువడెను. 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిను జాతి మందులలో మొదటిది; దానిని డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు వీరి పరిశోధనాలయముననే కనుగొనెను.

అదే 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, తమ యేబదిమూడవ యేట, సుబ్బారావుగారు పెర్లు రివరున నిద్రలోనే పరమపదించిరి. వారి శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలాశాఖవారు వారి చిత్రముతో బిళ్ళను ముద్రించిరి.

మనుష్యుని చరిత్ర ఇచ్చట ముగిసినను ద్రవ్యముయొక్క చరిత్ర ముగియలేదు. విద్యార్థులారా, కండలో దొరికిన ద్రవ్యమునకు మెదడుతో నేమి పనియని మీరడుగవచ్చును. దీనికి కొంచెము వివరణ కావలెను. మన మెదడునందలి నాడీకణములు చాలవరకు ఒకదాని నొకటి తాకియుండవు. ఒక కణముయొక్క కొసకును రెండవ కణమునకును నడుమ మిక్కిలి సన్నని యెడము గలదు. వార్త ఆ కొసవరకు విద్యుత్తు రూపమున పరుగెత్తి వచ్చి ఆగును. బకింగుహాము కాలువ గట్టునకు వచ్చిన బాటసారి పడవయెక్కి గాని ఆవలి దరి చేరలేనట్లే, ఆ వార్తయు నొక రసాయన ద్రవ్యమును పడవగా జేసికొని ఎడమును దాటవలెను. 1921లో ఆస్ట్రియా దేశపు గ్రాజు పట్టణమున ఆటో లోవీ అను ఆచార్యుడు దీనిని రెండు కప్పగుండెలతో ఋజువు చేసెను. మొదటి గుండెకు పోవు నరమును ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదించెను. దానిలోని ద్రవమును తీసి రెండవ గుండెకు అందింపగా, దాని నరమును ముట్టకుండగనే అదియు నెమ్మదించెను. ఆ ద్రవ్యము అసిటైల్‌కోలిన్. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ డేలుతో కలిసి లోవీ 1936లో నోబెల్ బహుమానము పొందెను.

పడవ చేరుటకు ఆవలి దరిని రేవుండవలెను. రెండవ కణముపై నుండు ఆ రేవులకు గ్రాహకములని పేరు. తాళమునకు తగిన తాళపుచెవివలె ఏ ద్రవ్యమునకు తగిన గ్రాహకము దానికుండును. ఇందొక విశేషము గలదు. గుండెను నెమ్మదింపజేయు అసిటైల్‌కోలినే చేతికండను ముడుచుకొనజేయును. ద్రవ్యమొక్కటియే, గ్రాహకములు వేరు, కావున ఫలము వేరు. మాట ఎంత ముఖ్యమో, వినువాని స్వభావమును అంతే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది. మెదడులో ఇట్టి వార్తాద్రవ్యములు పెక్కులు గలవు. వానిలో డోపమీను అనునది కొన్ని చోట్ల మిక్కిలి కొరవడినచో చేతులు వణకుట, నడక మందగించుట అను లక్షణములుగల పార్కిన్సను వ్యాధి కలుగును. మన నడకయు, జ్ఞాపకమును, సంతోషమును, దిగులును ఈ పడవలపైనను ఈ రేవులపైనను ఎంతో ఆధారపడియున్నవి.

ఇక సుబ్బారావుగారి ద్రవ్యము సంగతి. పడవలను నింపుటకును, వార్త గడచిన పిదప నాడీకణమును మరల సిద్ధపరచుటకును శక్తి కావలెను. వార్త పోవునప్పుడు కణములోనికి వచ్చిన సోడియమును వెలుపలికి తోడివేయు యంత్రమును 1957లో డెన్మార్కు దేశస్థుడు యెన్స్ స్కో కనుగొనెను. ఆ యంత్రము ఏ.టి.పి.తోనే నడచును. మెదడు దేహభారములో ఇంచుమించు ఏబదవవంతు. దేహము విశ్రమించియున్నపుడు వ్యయమగు శక్తిలో ఇంచుమించు అయిదవవంతు దానికే పోవును. కదలక కూర్చుండి చదువుకొను బాలుడు కూడ లోపల కష్టించుచునే యున్నాడు. చదువు బిడ్డలకు ఉదయము కడుపునిండ ఆహారము పెట్టుట తల్లిదండ్రులు మరువరాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

ఏ.టి.పి. పడవవానికి అన్నమువంటిదని ఇంతవరకు తేలెను. అది పడవలోని జాబు కూడ కావచ్చునని 1959లో పమేలా హోల్టను అను ఇంగ్లండు శాస్త్రజ్ఞురాలు చేసిన పరిశోధన సూచించెను: స్పర్శాదులను తెలుపు నరమును ప్రేరేపింపగా ఏ.టి.పి. వెలువడుట ఆమె చూపెను. ఏ.టి.పి. కనుగొనబడిన 1929లోనే లండనులో పుట్టిన జెఫ్రీ బర్న్‌స్టాకు, ఆస్ట్రేలియాలో ప్రేగు కండలను పరీక్షించుచు, అప్పటికి తెలిసిన వార్తాద్రవ్యములను అడ్డగించినను నరము తన వార్తను చేర్చుచునే యుండుట చూచెను. ఆ తెలియని వార్తాద్రవ్యము ఏ.టి.పి.యేయని 1972లో ప్రకటించెను. పెక్కుమంది పండితులు నమ్మలేదు. ప్రతి కణములోను నుండు శక్తిద్రవ్యము వార్తాద్రవ్యమెట్లగునని వారి ఆక్షేపణ. ఆయన ఇరువది యేండ్లు ఓపికతో పనిచేసెను. 1993, 1994 సంవత్సరములలో ఏ.టి.పి.కి తగిన గ్రాహకముల జన్యువులు దొరకగా ఆక్షేపణలు అణగిపోయెను. నేడు మనము బెల్లపు తీపిని, కాకరకాయ చేదును ఎరుగుటలో నాలుకనుండి నరమునకు జాబు తెచ్చునది ఏ.టి.పి.యేయని తెలియుచున్నది. దెబ్బతగిలి పగిలిన కణములనుండి వెలువడి, నొప్పి తెలుపు నరములను మేల్కొల్పు ద్రవ్యములలోను అది యొకటి.

కడపట నిద్ర సంగతి. ఏ.టి.పి. తన ఫాస్ఫేటు కణికలన్నియు కోల్పోగా మిగులునది అడినోసిన్. మనము మేలుకొనియున్న కొలది ఇది మెదడునందు కొన్ని భాగములలో పోగుపడి, తన గ్రాహకములలో చేరి, నాడీకణముల ఉత్సాహమును తగ్గించి నిద్రను పిలుచును. నిద్రపోవగా మరల తగ్గును. అనగా శక్తి వ్యయమైన తరువాతి బూడిదయే ఇక విశ్రమింపుమను జాబగుచున్నది. మన ఇండ్లలో త్రాగు కాఫీయందలి కెఫీను, అడినోసిన్ గ్రాహకమున దూరు దొంగ తాళపుచెవి. అది తాళములో పట్టును గాని తిరుగదు. అది అడ్డుగా నున్నంతసేపు అడినోసిన్ మాట వినబడదు. అయితే అడినోసిన్ ఎక్కడికిని పోలేదు. కెఫీను తొలగిన వెంటనే అప్పు తీర్చుమని వాకిట నిలుచును. పరీక్షల ముందు రాత్రులు కాఫీ త్రాగి మేలుకొను విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక. చదివినది మనసున నాటుకొనుటకు నిద్రయు కావలసినదే.

సుబ్బారావుగారు వీనిలో ఏ యొక్కటియు చూచియుండలేదు. వారి కన్నులముందున్నది గాజుగొట్టములోని నీలిరంగు మాత్రమే. అది ఆలస్యముగా వచ్చినప్పుడు విసుగుకొనక, కారణము తెలియువరకు దానియొద్దనే నిలిచిరి. రెండుమారులు పరీక్ష తప్పినవారు, పట్టము తగ్గింపబడినవారు, కొలువు నిరాకరింపబడినవారు, ఎవరిని నిందించుచు కూర్చుండక, అప్పగింపబడిన చిన్న కొలతను సత్యముగా కొలిచిరి. ఆవగింజ నాటినవాడు దాని కొమ్మలలో గూడుకట్టు పక్షులను చూడకపోవచ్చును. మన పాఠశాల ప్రయోగశాలలో రంగు సరిగా రాలేదని ద్రవమును పారబోయ చేయెత్తు విద్యార్థి ఒక్క నిమిషమాగి, అది ఎందుకట్లు వచ్చెనని తన్ను తాను ప్రశ్నించుకొనునేని, సుబ్బారావుగారి చరిత్ర చదివిన ఫలము వానికి దక్కినట్లే.